కానుకల పళ్లెం

సోమవారం పొద్దున ఇళంగోవన్ వచ్చి విజయరాణి బల్ల అంచు మీద కూర్చున్నాడు. డైరెక్టరైనవాడు తన గదిలోకి పిలిపించుకోకుండా తనే నడిచొచ్చాడంటే పని గట్టిదని అర్థం. మలయ్ దేశపు సర్కారు కొలువుండే పుత్రజయలోని ఆ ఆఫీసులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు.

"అక్కా, గురువారం థాయ్ ఆర్థికమంత్రి వస్తున్నాడు. ఆయన మీద ఒక నోట్ కావాలి. ఏం చదివాడు, ఏ పదవులు చేశాడు, మనిషి ఎలాంటివాడు. మన మంత్రిగారు కార్లో చదువుకుంటారు. రేపటికి ఇస్తారా?"

అతను మాట్లాడేది తమిళం, మధ్యలో మలయ్, చివర ఇంగ్లీషు. 'అక్కా' మాత్రం ఏ భాషలోనైనా అక్కే. ఈ ఆఫీసులో కొత్తగా చేరినప్పుడు నోట్ ఎలా రాయాలో విజయరాణి పక్కన కూర్చునే నేర్చుకున్నాడు. ఆ గౌరవం ఇంకా పోలేదు. పని పడినప్పుడల్లా బయటికొస్తుంది.

"పేరేమిటి?" అంది విజయరాణి.

"ప్రమోత్ రత్తనసిరి. రాజకీయాలవాడు కాదు. మనలాగే ఉద్యోగి. కింద నుంచి ఎక్కుతూ ఎక్కుతూ మంత్రయ్యాడు."

విజయరాణి టీ కప్పు మీద మూత పెట్టింది.

"ఇంకో మాట," అన్నాడు ఇళంగోవన్, గొంతు కాస్త తగ్గించి. "గురువారం మీ కుర్చీ టేబుల్ దగ్గరే. గోడ దగ్గర కాదు. సరిహద్దు సరుకుల ఒప్పందం మొత్తం రాసింది మీరు. నెలాఖరుకి రిటైరైపోతున్నారు. ఒక్కసారైనా ముందు కూర్చోవద్దా? నేను మాటిస్తున్నా."

ఆ మీటింగ్ హాల్లో మాట్లాడేవాళ్లకి పొడుగాటి టేబుల్. రాసుకునేవాళ్లకి గోడ వారగా కుర్చీలు. విజయరాణి సర్వీసంతా గోడ వారే గడిచింది. అక్కణ్నుంచి మనుషుల ముఖాలు కనపడవు, మెడలు కనపడతాయి. ఎందరో మంత్రుల మెడలు ఆమెకి క్షుణ్ణంగా తెలుసు. ఆ టేబుల్ దగ్గర కూర్చోవాలని ఆశ లేదంటే అబద్ధం. ఉంది, గట్టిగానే ఉంది. నోరు తెరిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది, అంతే. ఇప్పుడు పిలిచి పీట వేస్తానంటున్నాడు.

"సరే తంబీ," అంది.

మధ్యాహ్నం నోట్ మొదలుపెట్టింది. ఇలాంటి నోట్‌కి ఒక పద్ధతి ఉంది. వాక్యాలు ఉండకూడదు. ఏ ముక్క చూసినా కారు మలుపు తిరిగేలోపు అర్థమైపోవాలి. బ్యాంకాక్‌లో అర్థశాస్త్రం. కస్టమ్స్ శాఖలో చిన్న అధికారిగా చేరిక. బడ్జెట్ కార్యాలయానికి బదిలీ. పన్నుల శాఖ డైరెక్టర్ జనరల్. ఆర్థికశాఖ శాశ్వత కార్యదర్శి. రిటైర్మెంటుకి ముందే రాజీనామా, మంత్రి పదవి.

ఒక్కో ముక్కా టైపు చేస్తుంటే, ఆ ఏడు తనెక్కడుందో ఆమెకి తోస్తూ వచ్చింది. అతను బడ్జెట్ కార్యాలయానికి వెళ్లేనాటికి ఆమె ఈ కుర్చీలో ఉంది. డైరెక్టర్ జనరల్ అయ్యేనాటికీ ఈ కుర్చీలోనే ఉంది. శాశ్వత కార్యదర్శి అయిన ఏడు మాత్రం మార్పొచ్చింది. కుర్చీ చక్రం విరిగితే కొత్త కుర్చీ ఇచ్చారు. అసూయ పుడుతుందేమోనని కాసేపు ఆగి చూసుకుంది. పుట్టలేదు. బాధా లేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లుకున్నా తెలియదే, అలా ఉంది లోపల.

చివర్లో 'వ్యక్తిగతం' అని ఒక భాగం ఉంటుంది. గోల్ఫ్ ఆడతాడు. ఇద్దరు పిల్లలు. దాని కింద, పద్ధతిలో లేకపోయినా, ఇంకో ముక్క చేర్చింది. 'ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఇష్టం.'

సైబర్‌జయలోని ఫ్లాట్‌లో తల్లీ కూతుళ్లిద్దరే. సాయంత్రం విజయరాణి చెప్పులు విప్పుతూ అంది.

"అమ్మా, ప్రమోత్ గేపకమున్నాడా నీకు?"

కూర్మమ్మ టీవీలో తమిళ సీరియల్ చూస్తోంది. గొంతు తగ్గించకుండానే, "ఎవుడు? ఆ సియాం కుర్రోడా? జార్జ్ టౌన్‌ల మనింటికి అన్నానికొచ్చీవోడు?" అంది.

"ఆడే. మంత్రయినాడు. గురువారం మా ఆఫీసుకొస్తన్నాడు."

అప్పుడు కట్టేసింది టీవీ. "ఓలమ్మ! మంత్రే! పనస కూరొండితే గిన్ని ఊడ్సీసి తినీసినాడే! నీతోపాటు కస్టమ్స్ ట్రైనింగు కదేటి? నిన్ను ఏటో అనీవోడు..."

"ఫీ రాణి." ఫీ అంటే వాళ్ల భాషలో అక్క. పోగా పోగా ఆమెకి లోకమంతా తమ్ముళ్లే మిగిలారు.

"నిన్ను గుర్తుపడతాడేటే?"

"ఏమో అమ్మా."

"పడతాడు. తిన్న ఇల్లు మర్సిపోతాడేటి మడిసి?" ఆవిడకి అందులో సందేహమే లేదు. "కూరొండి ఇస్తాను, అట్టుకెల్లు."

"మంత్రులకి డబ్బాల్లో కూర ఇవ్వనీరమ్మా."

"ఇవ్వనీయకపోతే ఎనక్కట్టుకురా. ఒండడం నా సేతిలో ఉంది కదా."

ఆ రాత్రి పడుకోబోయే ముందు విజయరాణికి ఒక దృశ్యం కళ్ల ముందు కదిలింది. టేబుల్‌కి ఆ పక్క అతను, ఈ పక్క తను. కాగితం మీంచి తలెత్తి 'ఫీ రాణి!' అంటాడు. అందరూ ఇటు తిరుగుతారు. ఇళంగోవన్ కూడా. ఇంకేమీ జరగక్కర్లేదు, అంతే చాలు. ఈ వయసులో ఇదేం ఆశని తనని తనే తిట్టుకుంది. తిట్టినా పోలేదది.

మంగళవారం ఇళంగోవన్ నోట్ చదివి చివరి ముక్క దగ్గర ఆగాడు.

"పనస కూరా? ఇదెక్కడ దొరికిందక్కా?"

"మా ఇంట్లో తిన్నాడు. పెనాంగ్ జార్జ్ టౌన్‌లో ట్రైనింగ్ కలిసి చేశాం."

ఇళంగోవన్ కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నవ్వాడు. తలుపు తీసి బయటికి వినపడేలా, "విన్నారా, మంత్రిగారు అక్కకి ఫ్రెండ్ లా!" అన్నాడు, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే 'లా'తో సహా. ఇక ఆ రోజంతా ఆఫీసుకి అదే మాట. టీ గదిలో ఒకరు సెల్ఫీ ఇప్పించమన్నారు. ఇంకొకరు ఫుకెట్లో హోటలు తక్కువలో వస్తుందా అన్నారు. విజయరాణి నవ్వి ఊరుకుంది. కాదనడానికి ఏముంది, నిజమేగా. పనస కూర ముక్క మాత్రం ఇళంగోవన్ ఎర్ర గీత పెట్టి కొట్టేశాడు.

బుధవారం రిహార్సల్. ఆమె హాల్లోకి వెళ్లేసరికి టేబుల్ మీద పేర్ల అట్టలు పెడుతున్నారు. తన పేరు వెతుక్కుంటూ ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది. ఆ కొసన ఇళంగోవన్, అతని పక్కన మాలిని. మాలిని ఆ ఏడే చేరిన అమ్మాయి. విజయరాణి ఇంకోసారి నడిచి చూసింది. అట్టలు ఎన్నిసార్లు చూసినా అవే.

ఇళంగోవన్ వచ్చాడు. కాసేపు నీళ్లు నమిలాడు.

"అక్కా, పైనుంచి చెప్పారు. మీరు వెళ్లిపోతారు కదా, రేపణ్నుంచి ఆ ఫైలు చూసుకోవాల్సింది మాలిని. ఆమె ముఖం వాళ్లకి తెలియాలి కదా. తప్పుగా అనుకోకండి."

"మాటిచ్చావు తంబీ."

"ఇచ్చాను. కాదనట్లేదు. కానీ మీకు అంతకంటే మంచి చోటు చూశాను. మంత్రులు కానుకలు ఇచ్చుకుంటారు కదా, ఆ పళ్లెం పట్టుకుని మీరు నిలబడతారు. ఆయనకి మీకంటే దగ్గర ఎవరూ ఉండరు. అక్కడైతే తప్పకుండా గుర్తుపడతాడు. ఏమంటారు?"

విజయరాణి టేబుల్ మీది అట్టల వంక చూసింది.

"చీర కట్టుకు రండక్కా. ఫోటోలో మన కల్చర్ కనపడాలని ప్రోటోకాల్ వాళ్లు అడిగారు. ఇంకెవరినీ నమ్మి ఇవ్వలేను, మీరే చెయ్యాలి."

కోపం రావాల్సిన చోటు అది. ఆమెకీ తెలుసు. వస్తుందేమోనని ఎదురుచూసింది కూడా. రాలేదు. కోపం కూడా వాడకపోతే తుప్పు పడుతుంది కాబోలు.

"సరే," అంది.

ప్రోటోకాల్ అమ్మాయి పళ్లెం చేతికిచ్చింది. మీద ఆకుపచ్చ ముఖమల్ గుడ్డ. అసలు కానుక రేపే బయటికి తీస్తారట, ఇవాళ్టికి దాని బదులు జిరాక్సు కాగితాల కట్ట పెట్టారు. "ఛాతీకి కాస్త కిందగా పట్టుకోండి. మోచేతులు ఒంటికి ఆనించండి. నవ్వాలి, కానీ పళ్లు కనిపించకూడదు. మంత్రిగారు తీసుకున్నాక రెండడుగులు వెనక్కి. వీపు చూపించకూడదు." విజయరాణి అలాగే నిలబడింది. వెనక్కి అడుగేసింది. మళ్లీ ముందుకొచ్చి నిలబడింది. కాగితాల కట్ట బరువుకి మణికట్లు లాగాయి. కొసనున్న ఇళంగోవన్ కుర్చీ పక్కనే ఆమె చోటు. జెండాలు అక్కడే నిలబెట్టారు.

బయటికొస్తుంటే మాలిని ఎదురొచ్చింది. ఆ పిల్ల కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. "అక్కా, నేను అడగలేదు లా. ఒట్టు."

"తెలుసమ్మా," అంది విజయరాణి. "ఎనిమిదో పేరా బాగా చదువుకుని రా. అక్కడే అడుగుతారు."

ఇంటికెళ్లేసరికి కూర్మమ్మ కత్తిపీటకీ అరచేతులకీ నూనె రాసుకుని లేత పనసకాయ ముందేసుకు కూర్చుంది. జిగురు అంటకుండా చెక్కు తీసి, ముక్కలు కోసి, ఆ ముక్కల్ని పొట్టు పొట్టుగా కొడుతోంది. కాయని పొద్దున్నే, మనవాళ్ల అంగళ్లుండే బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి ఎవరిచేతో తెప్పించిందట.

"టేబులు కాడ కూకుంటావు కదా, మంచి సీర కట్టుకో," అంది తలెత్తకుండా.

"చీరే కట్టుకుంటాను." పళ్లెం సంగతి చెప్పలేదు. ఎందుకో నోరు రాలేదు.

"అరిటాకు పచ్చది కట్టు. ఆడొచ్చి దండం పెడితే నువ్వూ పెట్టు. మంత్రి కదాని బిగుసుకు నిలబడీకు. సేతిల ఏటున్నా కిందెట్టీసి, ఉత్త సేతుల్తోటి పెట్టు. నిండు సేతుల్తోటి పెడితే అది దండం కాదు, ఇసిరినట్టు."

ఆ మాట చిన్నప్పట్నుంచీ వింటున్నదే. గుడికెళ్లినా, ఇంటికి పెద్దవాళ్లొచ్చినా, పుస్తకాల సంచి కిందపెట్టించి మరీ దండం పెట్టించేది. విజయరాణి ఆవాలు మిక్సీలో వేసి తిప్పింది. ఘాటుకి కళ్లు మండాయి. ఆ మంట హాయిగానే ఉంది. ఆ వారంలో ఒంటికి తెలిసినట్టనిపించింది అదొక్కటే.

గురువారం సర్కారు ఆఫీసుల్లో బాతిక్ రోజు. హాలంతా పువ్వులూ లతలూ అచ్చేసిన చొక్కాలే. విజయరాణి ఒక్కతే పట్టుచీరలో ఉంది. ప్రోటోకాల్ అమ్మాయి చూసి, "అబ్బ, ముఖమల్ గుడ్డకి సరిగ్గా మ్యాచ్ అయింది!" అంది సంతోషంగా. పళ్లెంలోకి ఈసారి అసలు కానుక వచ్చింది. తగరపు పళ్లెం, మీద చెక్కడం పని. పళ్లెంలో పళ్లెం. కూర డబ్బా ఆమె బల్ల కింద చేతిసంచిలో ఉంది.

అందరూ తమ తమ కుర్చీల వెనక నిలబడ్డారు. విజయరాణి వెనక, గోడ దగ్గర, ఈ శాఖలో ఒకప్పుడు ప్రధాన కార్యదర్శిగా చేసి రిటైరైన తెల్లజుట్టు పెద్దాయన చేతికర్ర ఊతంగా నిలబడ్డాడు. ఆయన్ని సలహాకని పిలిచారు.

తలుపులు తీశారు. ముందు తమ మంత్రి, పక్కన అతను. జుట్టు నెరిసింది, నడుం లావైంది. నడక మాత్రం అదే, ఎడమ భుజం ముందుకు పెట్టి ఎవరినో తోసుకుపోతున్నట్టు. విజయరాణికి గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. బతికే ఉన్నానన్నమాట అనుకుంది.

అతను జెండాల దగ్గరికొస్తూ ఆగాడు. సూటిగా ఆమె వైపు చూశాడు. ముఖం విప్పారింది. రెండు చేతులూ జోడించి, తల వంచి, ముక్కుకి వేళ్లు తగిలేలా దండం పెట్టాడు. మంత్రైనవాడు ముందుగా పెట్టాడు. వాళ్ల దేశంలో అలా పెద్దవాళ్లకి పెడతారు. అక్కలకి పెడతారు.

విజయరాణి చేతుల్లో పళ్లెం ఉంది. ఆలోచించలేదు. పక్కనున్న టేబుల్ మీద, ఇళంగోవన్ పేరున్న అట్ట ముందు పళ్లెం దించేసింది. ఉత్త చేతులు జోడించి తల వంచింది.

తలెత్తేసరికి అతను ఆమెని దాటిపోయాడు. వెనకనున్న తెల్లజుట్టు పెద్దాయన చేతులు రెండూ పట్టుకుని, "సర్! మీ దగ్గరే సర్ నేను సరిహద్దు లెక్కలు నేర్చుకున్నది!" అంటున్నాడు. పెద్దాయన కళ్లు చెమర్చాయి. చుట్టూ చప్పట్లు.

విజయరాణి చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోవాల్సింది. చచ్చిపోలేదు. మెల్లగా చేతులు విడదీసి వాటి వంక చూసుకుంది. తేలిగ్గా ఉన్నాయి.

"అక్కా," అన్నాడు ఇళంగోవన్ పళ్ల బిగువున. "పళ్లెం."

మంత్రులిద్దరూ జెండాల ముందుకొచ్చి నిలబడ్డారు. ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. ప్రోటోకాల్ అమ్మాయి దూరాన్నుంచి చేతులతో పళ్లెం ఆకారం గీసి చూపిస్తోంది.

"అక్కా, ప్లీజ్ లా. పళ్లెం."

విజయరాణి పళ్లెం వంక చూసింది. ఎత్తడం పెద్ద పనేం కాదు. ఎప్పుడూ ఎత్తుతూనే ఉంది. కానీ చేతులు కదల్లేదు. ఆమె వద్దనలేదు, అవే కదల్లేదు. కదలకపోతే పోనీలే అనుకుంది.

తమ మంత్రి ఇటు తిరిగి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఇళంగోవన్ ఇక ఆగలేకపోయాడు. తన కుర్చీ వెనకనుంచి గబుక్కున వచ్చి పళ్లెం తనే ఎత్తుకున్నాడు. మోచేతులు ఒంటికి ఆనించి, పళ్లు కనిపించకుండా నవ్వుతూ, ఇద్దరు మంత్రుల మధ్య నిలబడ్డాడు. పద్ధతి బాగానే తెలుసు అతనికి.

అతని కుర్చీ ఖాళీ అయింది. విజయరాణి కాళ్లు పొద్దుట్నుంచీ లాగుతున్నాయి. కుర్చీ పక్కనే ఉంది. కూర్చుంది.

కెమెరా వెలిగింది.

తర్వాత అందరూ కూర్చున్నారు. ఇళంగోవన్ తిరిగొచ్చి చూసి ఆగిపోయాడు. ఇద్దరు మంత్రుల ముందు లేవమని అనలేడు. ముఖం కందిపోయింది. ఒక్క క్షణం తచ్చాడి, గోడ వారగా రాసుకునేవాళ్ల కుర్చీల్లో ఖాళీగా ఉన్నదాంట్లో కూలబడ్డాడు. మాలిని కిందికి చూస్తూ తన ముందున్న కాగితాలు నెమ్మదిగా విజయరాణి వైపు జరిపింది.

ఎనిమిదో పేరా వచ్చింది. ప్రమోత్ రత్తనసిరి కళ్లజోడు సవరించుకుని, "ఇది బాగుంది, కానీ పళ్ల లారీలు సరిహద్దులో ఎండలో ఆగకుండా ఏం చేస్తారో మీవాళ్లెవరైనా చెబుతారా?" అన్నాడు. తమ మంత్రి టేబుల్ కొస వైపు చూశాడు. ప్రమోత్ కూడా అటే చూసి, అట్ట మీది పేరు చదివి, చీర కట్టుకున్న మనిషిని చూసి తడబడ్డాడు. "మిస్టర్... ఇళంగోవన్?"

విజయరాణి మైకు మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపాన్ని ఇన్నేళ్లూ వెనకనుంచే చూసింది.

"నా పేరు విజయరాణి," అంది. "ఈ పేరా రాసింది నేను."

అని అతని ముఖంలోకి చూసింది. అక్కడ ఏమీ కదల్లేదు. మర్యాదగా తలాడించి వినడానికి సిద్ధమయ్యాడు. ఆమె లారీల సంగతి చెప్పింది. అతను రాసుకున్నాడు. "థాంక్యూ మేడమ్," అన్నాడు. మీటింగు తర్వాతి పేరాకి వెళ్లిపోయింది. అతను గుర్తుపట్టలేదు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ సంగతి ఆమెకి గుర్తొచ్చింది మీటింగు అయిపోయాక.

ఇళంగోవన్ ఆ మధ్యాహ్నం బల్ల దగ్గరికి రాలేదు. 'రేపు నా గదికి రండి' అని కబురు పంపాడు, అక్క అనకుండా. విజయరాణి ఆ కబురు అందుకుని డబ్బా మూత తీసింది. పనసపొట్టు కూర, అన్నం. ఆవ ఘాటు ఆఫీసంతా వ్యాపించింది. వాసనకి తలుపు దగ్గర ఆగిన మాలినికి సగం పెట్టింది. ఇద్దరూ డబ్బా ఊడ్చి తిన్నారు.

సాయంత్రం కూర్మమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"గుర్తుపట్టినాడేటే?"

"లేదమ్మా."

ముసలావిడ కూతురి చేతిసంచి వంక చూసింది. "మరి కూర?"

"నానే తినీసినాను."

"మంచి పని సేసినావు. ఏదీ, పోటోలు తీసినారా?"

విజయరాణి ఫోన్‌లో చూపించింది. మాలిని పంపిన ఫోటో అది. మంత్రిత్వశాఖ పేజీలో అప్పటికే పెట్టేశారట. కూర్మమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఫోన్‌ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఈడేనా ఆ కుర్రోడు? లావైపోనాడు. ఈ పల్లిం అట్టుకున్నోడెవుడు, నౌకరా?"

"మా డైరెక్టరు."

"డైరెక్టరే!" వేలితో బొమ్మ పెద్దది చేసి ఇంకా దగ్గరగా చూసింది. మంత్రులు నిలబడ్డారు. వాళ్ల వెనక బాతిక్ చొక్కాలన్నీ వరసగా నిలబడ్డాయి. "ఒలే రాణీ, మంత్రులకాడ్నుంచి అందరూ నిలబడ్డారు కదే. నువ్వొక్కదానివే కూకున్నావేటి?"

విజయరాణి చీర కుచ్చెళ్లకి గుచ్చిన పిన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"కాళ్లు నొప్పెట్టినాయమ్మా," అంది. "కూకున్నాను."